రెండో వయొలిన్

ఆమె చనిపోయిన సంగతి నాకంటే ముందు సుగుణమ్మగారికి తెలియడం నాకు నచ్చలేదు.

నారాయణగూడ మార్కెట్లో కరివేపాకు కట్ట పట్టుకుని వాసన చూస్తున్నాను. వెనకనుంచి సుగుణమ్మగారు "సారూ, మీకు ఎరుకేనా? మా తెల్లమ్మ పోయిందంట" అన్నారు. ఆవిడది అశోక్ నగర్‌లో రెండంతస్తుల ఇల్లు. పై గదిలో ఆ ఫ్రెంచావిడ మూడు చలికాలాలు కిరాయికి ఉంది.

"ఎవరు చెప్పారండీ?"

"వాళ్ల దోస్తు ఫోన్ చేసింది, పారిస్ కెల్లి. పొద్దుగాల కుర్చీల కూసోని కాఫీ తాగుతున్నదంట, గట్లనే పోయిందంట. ఎవ్వర్నీ పరేషాన్ చెయ్యలే." ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకున్నారు.

మనిషి పోయిందని విన్నప్పుడు అడగాల్సిన మాటలు చాలా ఉంటాయి. వాటిలో ఒక్కటీ నా నోట రాలేదు. "మీకెందుకు చేశారు ఫోను?" అన్నాను.

"నాకు గాకపోతే ఇంకెవరికి చేస్తరు సారూ?" అన్నారావిడ, నిజంగానే అర్థంకాక.

ఆవిడ అన్నదీ నిజమే. ఆ ఫ్రెంచావిడకు జ్వరమొస్తే జావ కాచింది సుగుణమ్మగారు, తెలుగు నేర్పింది సుగుణమ్మగారు. నేనేం చేశానని నాకు ఫోను చేస్తారు? అయినా మేమిద్దరం ఒకే గురువు శిష్యులం. నన్ను ఆ ఊళ్లో ఎవరూ తలుచుకోలేదా అని మనసులో చురుక్కుమంది. మనిషి పోయాక కూడా ఆమె మీద నా అసూయ పోలేదని అలా మార్కెట్ మధ్యలో నిలబడి తెలుసుకున్నాను. ఇంటికొచ్చాక చూస్తే కరివేపాకు అక్కడే వదిలేసి వచ్చాను.

అందుకే ఇది రాస్తున్నాను. ఆమె గురించి మంచే రాస్తానని మాత్రం మాట ఇవ్వలేను.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి, లేకపోతే నా కడుపుమంట మీకు అర్థంకాదు. నేను బ్యాంకులో ఉద్యోగం చేసి రిటైరైన వయొలిన్‌వాణ్ణి. చిక్కడపల్లిలో మా గురువుగారి దగ్గర పదమూడో ఏట చేరాను. ఆయన పాడేవాళ్లకు పక్కవాద్యం వాయిస్తూనే జీవితమంతా గడిపారు. ఏడాదికి ఒకటో రెండో మాత్రం సోలో కచేరీలు చేసేవారు. అప్పుడు ఆయన పక్కన రెండో వయొలిన్ పట్టుకుని కూర్చునేది నేను. ముప్పై ఏళ్లపాటు నేనే. ఆ చోటు నాదని ఎవరూ రాసివ్వలేదు, కానీ చిక్కడపల్లిలో అది ఎవరిదని అడిగితే పాలవాడు కూడా నా పేరే చెప్పేవాడు.

ఏడెనిమిదేళ్ల కిందట ఒక పొద్దున పాఠానికి వెళ్లేసరికి గురువుగారి గది మధ్యలో ఆమె నిలబడి ఉంది. అరవై దాటిన మనిషి. నెరిసిన జుట్టు ముడివేసి, ఆ ముడిలో పెన్సిల్ గుచ్చుకుంది. వయొలిన్‌ను గడ్డం కింద పెట్టుకుని నిటారుగా నిలబడింది, వాళ్ల పద్ధతి అది. మనం నేలమీద కూర్చుని, వాద్యం తలను కుడిపాదం మీద ఆనించి వాయిస్తాం. గురువుగారు చాప చూపించి "కూర్చో తల్లీ" అన్నారు. ఆమె ఆ చాపవంక చూసిన చూపు నాకింకా గుర్తే. ఈత రానివాళ్లు చెరువువంక అలా చూస్తారు.

కూర్చోలేకపోయింది. రెండు పీటలు ఒకదానిమీద ఒకటి వేసి కూర్చోబెట్టారు. వారం తర్వాత ఒక పీట తీశారు. నెలకు రెండోదీ తీశారు. మోకాళ్లకు సుగుణమ్మగారిచ్చిన నూనె ఏదో రాసుకుని వచ్చేది, గదంతా ఆ వాసనే. 'ఇంకో పదిరోజులు, ఆ తర్వాత తనే విమానమెక్కుతుంది' అనుకున్నాను. అలా అనుకుని ఎన్ని పదిరోజులు గడిపానో చెప్పను.

ఎవరికి పరిచయం చేసినా ఆమె ఒకటే మాట అనేది. "నేను రెండో వయొలిన్." పేరు ఆ తర్వాత చెప్పేది, అదీ అడిగితేనే. మొదట అది వినయమనుకుని చిరాకుపడ్డాను. తర్వాత తెలిసింది, అది ఆమె ఉద్యోగం. వాళ్ల సంగీతంలో నలుగురు కలిసి వాయించే మేళం ఒకటి ఉంటుంది. ఇద్దరు వయొలిన్లు, ఒకరు కాస్త పెద్ద వయొలిన్, ఇంకొకరు మోకాళ్ల మధ్య నిలబెట్టుకునే చెల్లో. అలాంటి మేళంలో ఆమె ఇరవయ్యారేళ్లు రెండో వయొలిన్ వాయించింది. అంతకు ముందు పెద్ద ఆర్కెస్ట్రాలో, అక్కడ కూడా రెండో వయొలిన్ల వరసలోనే, అందులోనూ చివరి కుర్చీలో.

ఆ నలుగురి కబుర్లు గురువుగారింటి మెట్లమీద చెప్పులు తొడుక్కుంటూ చెప్పేది. మొదటి వయొలిన్ ఆయన ఎండాకాలంలో కూడా చేతులకు ఉన్ని తొడుగులు వేసుకునేవాడట, వేళ్లు చల్లబడితే కచేరీ పాడైపోతుందని భయం. పెద్ద వయొలిన్ ఆవిడ రిహార్సల్ మధ్యలో ఖాళీ దొరికితే స్వెట్టర్ అల్లేది. చెల్లో ఆయన రైల్లో తన వాద్యానికి కూడా ఒక టికెట్ కొని, పక్క సీట్లో కూర్చోబెట్టి, దాని వాటా భోజనం కూడా తనే తినేవాడట. చిన్న ఊళ్ల చర్చిల్లో, బడుల్లో, టౌన్ హాళ్లలో వాయించేవారు. కచేరీ అయ్యాక పేపర్లో సమీక్షలొచ్చేవి. "మొదటి వయొలిన్ గురించి రాస్తరు. చెల్లో చెక్క మంచిగున్నదని రాస్తరు. హాలు చల్లగున్నదని కూడ రాస్తరు అన్న. నా గురించి ఒక్కసారి కూడ రాయలే" అని చెప్పి పడీపడీ నవ్వేది.

అవును, ఆమె మాట్లాడేది అచ్చం అలాగే. ఫ్రాన్సు నుంచి వచ్చి అశోక్ నగర్ తెలుగు నేర్చుకుంది. మా నాన్న కాకినాడ నుంచి వచ్చి నలభై ఏళ్లు ఈ ఊళ్లో ఉండి కూడా 'జర' అన్న మాట నోటితో పలకలేదు. ఈమె మూడు నెలలకే గురువుగారితో "జర ఆగుండ్రి, రాసుకుంట" అనేది. నాకంటే ఆరేళ్లు పెద్దదై ఉండి నన్ను 'అన్న' అని పిలిచేది. ముందు చేరిన శిష్యుడు అన్న అవుతాడని సుగుణమ్మగారు చెప్పారట. ఆ పిలుపు వింటే ఒళ్లుమండేది, కానీ దానికి అడ్డు చెప్పడానికి నాకు సాకు దొరకలేదు.

మేళం ఎందుకు మానేశారని ఒకసారి అడిగాను. మొదటి వయొలిన్ ఆయనకు ఎడమచేతి వేలు ఒకటి బిగుసుకుపోయిందట. ఇంకొకరిని పెట్టుకోమని అందరూ చెప్పారట. ముగ్గురూ ఒప్పుకోలేదు. "మొదటాయన లేకపోతే నేను దేనికి రెండో దాన్ని అన్న?" అంది. అలా ఊరికే ఉన్న రోజుల్లో మా గురువుగారు ఒక గాయకుడితో ఆ దేశం వెళ్లారు. ఆ కచేరీలో ఈమె పాడేవాడిని చూడలేదట. పాడేవాడికి ఒక శ్వాస వెనక నడుస్తున్న ఆ పక్కాయన్నే రెండు గంటలూ చూస్తూ కూర్చుందట. మరుసటి చలికాలానికి చిక్కడపల్లిలో ఉంది.

నాకు అసూయ ఆ నలుగురి దగ్గరే మొదలైందనుకుంటాను. మన కచేరీల్లో పాడేవాళ్లూ వాయించేవాళ్లూ వేదికమీదే కలుస్తారు. మంగళం అయ్యాక ఎవరి శాలువా వాళ్లు మడతపెట్టుకుని ఎవరి ఆటో వాళ్లు ఎక్కుతారు. నాకోసం వాద్యం మానేసే ముగ్గురు నాకెప్పుడూ లేరు.

ఆమె పద్ధతులు కొన్ని చెప్పాలి. కలిసి వాయించేటప్పుడు ఎత్తుకునే ముందు ముక్కుతో గట్టిగా గాలి పీల్చేది. మొదటిరోజు గురువుగారు "ఏమ్మా, జలుబా?" అని అడిగారు. వాళ్ల నలుగురిలో తాళం వేసేవాళ్లు లేరట, ఆ శ్వాసే తాళమట, దాన్ని విని నలుగురూ ఒక్కసారి కమాను వేస్తారట. నెలరోజులు తిరిగేసరికి గురువుగారు కూడా ఎత్తుకునే ముందు గాలి పీల్చడం మొదలుపెట్టారు. ఎనభై ఏళ్లకు దగ్గరపడ్డ మనిషి! నేను పీల్చలేదు. నాకు తాళం వచ్చు.

పాఠమంతా కాగితం మీద రాసుకునేది. వాళ్ల అయిదు గీతల మీద, చీమల బారులా. ఆ కాగితాలు అశోక్ నగర్ జిరాక్స్ షాపులో కాపీ తీయించేది. అక్కడ గ్రూప్ పరీక్షలకు చదివేవాళ్ల వరసలో, వాళ్ల రాజ్యాంగం నోట్సుల మధ్య, ఈమె తోడిరాగం. ఇంటి ఎదురుగా వాళ్ల రీడింగ్ హాలు ఉందని సాధన చేసేటప్పుడు శబ్దం తగ్గేలా, తీగల కింద ఉండే బ్రిడ్జి మీద చిన్న రబ్బరు ముక్క తొడిగేది. "దోమ గుయ్యిమన్నట్టు వినొస్తది సారూ, గంతే. పాపం ఎవ్వరి చదువు ఖరాబు చెయ్యొద్దంటది" అని సుగుణమ్మగారు నాకు గొప్పగా చెప్పేవారు. నా సాధన నాలుగిళ్ల అవతలికి వినపడుతుంది. అప్పటిదాకా అది నాకు గర్వంగా ఉండేది.

నిజం చెప్పాలంటే ఆమెకు మన గమకాలు పూర్తిగా పట్టుబడలేదు. కాంభోజి వాయిస్తే ఎక్కడో ఒకచోట చర్చి వాసన వచ్చేది. ఆ మాట గురువుగారితో అన్నాను కూడా. "వస్తుందిరా. అక్కడే పెరిగిన పిల్ల కదా" అన్నారాయన, ముచ్చటపడుతున్నట్టు. ముప్పై ఏళ్లలో ఆయన నన్ను రెండుసార్లు 'భేష్' అన్నారు. ఆమెను నాలుగో నెలలోనే అన్నారు. అదీ దేనికనుకున్నారు? ఆయన వాయిస్తూ వాయిస్తూ తర్వాతి సంగతి మరిచిపోయి ఆగారు. ఆమె చివరి స్వరాన్ని సన్నగా, దారంలా పట్టుకుని కూర్చుంది, ఆయనకు గుర్తొచ్చేదాకా. గుర్తొచ్చాక ఆయన వెనకే నడిచింది. "భేష్!" నేనైతే ఆ సంగతి ఎత్తి అందించేవాణ్ణి. ఎన్నోసార్లు అందించాను. ఒక్కసారీ భేష్ అనలేదు.

ఒక చిన్న పాపం కూడా ఒప్పుకుంటాను. ఒక రోజు పాఠం ఆరింటికి అయితే ఏడింటికని చెప్పాను. వచ్చేసరికి గురువుగారు స్నానానికి లేచారు. ఆమె మెట్లమీద కూర్చుని, నన్ను చూసి, "నాకే తప్పు వినొచ్చింది కావచ్చు అన్న" అంది. మర్నాడు అయిదున్నరకే వచ్చి తలుపు దగ్గర ఉంది. మా ఆవిడ మాత్రం సంతోషించింది. "ఆవిడ వచ్చిన దగ్గర్నుంచి మీరు రోజూ నాలుగు గంటలు సాధన చేస్తున్నారు. అరవై దగ్గరపడ్డాక బుద్ధొచ్చింది" అనేది.

ఆమె వచ్చిన మూడో చలికాలం గురువుగారికి ఎనభై నిండాయి. చిక్కడపల్లిలోనే ఒక సభలో ఆయన సోలో కచేరీ పెట్టారు. నేను కొత్త పంచె కూడా తీసి పెట్టుకున్నాను. వారం ముందు పాఠం అయ్యాక గురువుగారు నన్ను ఉండమన్నారు.

"ఈసారి పక్కన ఆ అమ్మాయిని కూర్చోబెడదామనుకుంటున్నానురా."

"నేనేమైనా తప్పు చేశానా గురువుగారూ?"

"నువ్వు తప్పు చేయవురా. అదే వచ్చిన చిక్కు." కాఫీ వచ్చింది, తాగమన్నారు. తాగాను. అది కాఫీయో కషాయమో నాకు తెలియలేదు.

రెండు రోజులు పక్కమీంచి లేవలేదు. మూడోరోజు నాలో ఉన్న పెద్దమనిషి లేచి కూర్చున్నాడు. చోటు పోతే పోయింది, గురువుగారి పరువైనా నిలబెట్టాలి కదా అనుకుని సుగుణమ్మగారింటికి వెళ్లాను. ఆమె మేడమీద గదిలో రబ్బరు ముక్క తొడిగి దోమలా వాయించుకుంటోంది.

"చూడండి, గురువుగారికి ఈమధ్య లెక్క జారుతోంది" అన్నాను. "ప్రధాన కీర్తన పల్లవి తాళం మొదలైన అరదెబ్బ తర్వాత ఎత్తుకోవాలి. స్వరకల్పన ముగించి పల్లవికి వచ్చేటప్పుడు ఆయన ఒక్కోసారి ఆ అరదెబ్బ మరిచిపోతారు. అప్పుడు మీరు ఆయన వెంట వెళ్లకూడదు. సరైన చోటే పట్టుకుని నిలబడాలి. మీది విని ఆయనే సర్దుకుంటారు. ఇన్నేళ్లూ నేను చేసిందదే."

ఆమె జుట్టులోంచి పెన్సిల్ తీసింది. ఏమీ రాయకుండా మళ్లీ గుచ్చుకుంది.

"ఆయన ఒక దిక్కు, నేను ఒక దిక్కు ఉంటే అందరికి తెలుస్తది గద అన్న?"

"తెలిస్తే తెలియనివ్వండి. తాళం తప్పకూడదు."

"మా నలుగురిల ఒకలు తప్పిపోతే మేము ముగ్గురం ఉరికి ఆయన దగ్గరికి పోతుంటిమి."

"అప్పుడు నలుగురూ తప్పే కదా!"

"అవు అన్న, తప్పే" అంది నవ్వుతూ. "కని ఎవ్వరు ఒక్కలే మిగలరు."

నాకు కోపం నషాళానికెక్కింది. తాళం మనకు దైవంతో సమానం, ఈవిడకు అది ఆటలా ఉంది అనుకుంటూ మెట్లు దిగాను. కింద సుగుణమ్మగారు "చాయ తాగి పోండ్రి సారూ" అంటున్నా వినిపించుకోలేదు. కచేరీలో గురువుగారు జారాలనీ, ఈమె బయటపడాలనీ మనసులో కోరుకున్నాను. ఇంతకంటే సిగ్గుపడాల్సిన పని నా జీవితంలో చేయలేదు.

కచేరీ రోజు మూడో వరసలో చివరి కుర్చీలో కూర్చున్నాను. వేదికమీద గురువుగారు, ఒక పక్కన మృదంగం మల్లేశం, రెండోపక్కన ఆమె. జరీ లేని నేత చీర కట్టుకుంది. సుగుణమ్మగారు కట్టి పంపి ఉంటారు, చెంగు పిన్నులతో నిండిపోయింది. గురువుగారు గాలి పీల్చారు, ఆమె పీల్చింది, వర్ణం మొదలైంది. గంటన్నరసేపు ఆమె వాయిస్తోందో లేదో కూడా తెలియలేదు. గురువుగారి వాద్యమే వినిపించింది. ఆయన వాద్యం అంత నిండుగా విని చాలా ఏళ్లయింది. వయసు వెనక్కి వెళ్లిందా అనుకున్నాను.

ప్రధాన కీర్తన వచ్చింది. రాగం అయింది, కీర్తన అయింది, స్వరకల్పన నడిచింది. ముగింపు లెక్క అద్భుతంగా కట్టి పల్లవి దగ్గరికి దూకారు గురువుగారు. అరదెబ్బ ముందే దూకారు.

నా చెయ్యి నా మాట వినలేదు. సరైన చోట తొడమీద ఫెళ్లున పడింది. ముందు వరసలో ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. వేదికమీద ఆమె గురువుగారి కమాను వంకే చూస్తోంది. ఆయన ఎక్కడ ఎత్తుకున్నారో అక్కడే, అదే తప్పు చోట, ఆయనతోపాటే ఎత్తుకుంది. రెండు వయొలిన్లూ ఒక్కటిగా వినిపించాయి. మల్లేశం ఆ ఇద్దరివంకా ఒకసారి చూశాడు. చూసి, అరదెబ్బ మింగేశాడు. అంతే. పల్లవి రెండోసారి వచ్చేసరికి మృదంగం వాళ్ల దారిలో ఉంది. ముందు వరసలో తాళం వేస్తున్న పెద్దాయన ఒకరు తన లెక్కే తప్పిందనుకుని సిగ్గుపడి చెయ్యి సర్దుకున్నారు. హాలు మొత్తంలో సరిగ్గా ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే.

చప్పట్లు ఆగలేదు. బయట మల్లేశం మృదంగానికి గలేబు తొడుగుతూ నన్ను చూసి, "చూసినవా అన్నా, ఆమె పోయిన తీరు? ఆమె అటు పోకుంటే నేను ఇటు ఉండేటోణ్ణి. అప్పుడు పెద్దాయన పరువు పోతుండె" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే గురువుగారి దగ్గరికి వెళ్లాను. ఆమెను తిడతారన్న ఆశ ఇంకా ఎక్కడో ఉంది. ఆయన మంచంమీద కూర్చుని ఎడమచేతి వేళ్లు నొక్కుకుంటున్నారు.

"రాత్రి పల్లవి తప్పాను. తెలిసిందా?"

"తెలిసిందండీ."

"నీకు తెలుస్తుందని నాకు తెలుసు. నువ్వు పక్కనుంటే సభకంతా తెలిసేది." కాసేపు వేళ్లవంకే చూసుకున్నారు. "ఒరే, నాకు చెయ్యి జారినప్పుడల్లా నువ్వు గట్టిగా వాయించి నన్ను నిలబెట్టావు. నువ్వు చేసింది సేవే. కాదనను. కానీ నాకు వినపడేది మాత్రం నా తప్పూ, నీ ఒప్పూను. పక్కపక్కనే. పదేళ్లుగా ఆ రెండూ వింటూ కచేరీ చేస్తున్నాన్రా. ఒక్కసారి అవి వినకుండా వాయించాలనిపించింది."

కోపంగా అనలేదు. ఎవరి గురించో చెప్పినట్టు అన్నారు. నాకు ఏడుపు వచ్చింది, ఏడ్చాను. ఆయన నా వీపుమీద చెయ్యి వేసి "పిచ్చివాడా, కాఫీ తాగుతావా?" అన్నారు. ఆయనమీద నాకు అప్పుడూ కోపం రాలేదు, ఇప్పుడూ లేదు. కోపమంతా ఆమెమీదే. ముప్పై ఏళ్లు పక్కన కూర్చున్నవాడికి తెలియంది, నేలమీద కూర్చోవడమే రానిదానికి ఎలా తెలిసింది?

గురువుగారు ఆ తర్వాత సోలో కచేరీ చేయలేదు. వేళ్లు సహకరించలేదు. రెండేళ్లకు కన్నుమూశారు. అంటే ఆయన పక్క చోట్లో చివరగా కూర్చున్నది ఆమే. నేను ఇంకెన్ని కచేరీలు చేసినా అది మారదు. కచేరీ అయిన ఆ చలికాలం చివర్లోనే ఆమె వాళ్ల దేశం వెళ్లిపోయింది. వెళ్లేముందు మా ఇంటికి వచ్చి, చెప్పులు విప్పి, ఎంతో తేలిగ్గా చాపమీద కూర్చుని, "పోయొస్త అన్న" అంది. నేను జాగ్రత్తగా వెళ్లమన్నాను. ఆమెతో నేను మాట్లాడిన చివరి మాట అదే. అంతకంటే మంచి మాట చెప్పి ఉండాల్సింది. చెప్పాలని అనిపించలేదు.

మొన్న ఆదివారం సుగుణమ్మగారు తన ఇంట్లో చిన్న సంతాపం పెట్టారు. ముందుగది గోడకు ఆమె ఫొటో, దానికి చామంతి దండ. నేను, మల్లేశం, వీధిలోవాళ్లు నలుగురైదుగురు. పదకొండింటికి ఆ దోస్తు వీడియో కాల్ చేస్తానందట. చేసింది. నెరిసిన జుట్టు, మొహంనిండా ముడతలు, మెడచుట్టూ అల్లిన శాలువా. ఆవిడే ఆ మేళంలో పెద్ద వయొలిన్ వాయించిన ఆవిడ అని చూడగానే తెలిసింది. ఆవిడకు ఇంగ్లీషు వచ్చు, సుగుణమ్మగారికి రాదు. అందుకని ఫోను నా చేతికిచ్చారు. అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేయడం నా పని.

జావ సంగతి చెప్పింది, నూనె సంగతి చెప్పింది. అవన్నీ తెలుగులో చెప్పాను. సుగుణమ్మగారు ఏడ్చారు. తర్వాత ఆవిడ కాస్త ఆగి, అక్కడ ఒక అన్న ఉండాలే, ఆయన ఉన్నారా అని అడిగింది. గురువు ఎనభయ్యో ఏటి కచేరీలో తన చోటు లేచి ఈమెకిచ్చిన అన్న. ముప్పై ఏళ్లనాటి చోటు. ఆ మాట ఈమె వాళ్ల ముగ్గురికీ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదట. అలాంటివాణ్ణి తమ దేశంలో చూడలేదని మొదటి వయొలిన్ ఆయన అనేవాడట.

నేను లేవలేదు, నేను ఇవ్వలేదు. ఇవ్వమని కాళ్లమీద పడినా ఇచ్చేవాణ్ణి కాను. ఆ సంగతి ఆమెకు అందరికంటే బాగా తెలుసు. తెలిసీ అక్కడంతా ఇలా చెప్పుకొచ్చింది. నా నోరు తెరుచుకుంది. తప్పు వింటే ఊరుకోలేని నోరు అది.

"ఏమంటున్నది సారూ?" అన్నారు సుగుణమ్మగారు.

"ఆమెకు తన చోటు ఇచ్చిన అన్న ఉన్నాడా అని అడుగుతోంది."

"మరి ఉన్నడని చెప్పుండ్రి" అన్నారావిడ. సుగుణమ్మగారికీ ఈమె అదే చెప్పిందన్నమాట.

మల్లేశం నావంకే చూస్తున్నాడు. గురువుగారే నన్ను పక్కకు తప్పించారని ఈ గదిలో నేను కాక తెలిసినవాడు అతనొక్కడే.

"ఉన్నానమ్మా. నేనే" అన్నాను ఫోనులోకి.

"అవునమ్మా, ఈయననే" అన్నాడు మల్లేశం, తనకు వచ్చిన ఇంగ్లీషులో. "నేను పక్కనే ఉన్న."

ఆవిడ శాలువా కొసతో కళ్లు తుడుచుకుని, నా గురించి చాలాసేపు చెప్పింది. అందులో ఇంకా రెండు మూడు పొరపాట్లున్నాయి. ఒక్కటీ సరిదిద్దలేదు.